మీకు తెలుసా? బియ్యం లెక్క వేరు, అన్నం లెక్క వేరు

100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలుంటాయి. అదే 100 గ్రాముల అన్నంలోనైతే సుమారు 130. మిగతావి ఆవిరైపోలేదు. బియ్యం నీళ్లు పీల్చుకుని రెండున్నర, మూడు రెట్ల బరువవుతుంది. నీటిలో కేలరీలు సున్నా. గంజి వారిస్తే మాత్రం కొంత పిండిపదార్థం దాంతోపాటే పోతుంది. ఆ గంజి తాగేస్తే లెక్క మళ్లీ మొదటికే! కందిపప్పుదీ ఇదే తీరు, ఎన్ని నీళ్లు పోశారన్నదాన్ని బట్టి.

ప్యాకెట్ మీది అంకెలు సాధారణంగా వండని సరుకువి. వాటితో అన్నాన్ని తూచి లెక్కేస్తే రెండింతలకు పైగా తేలుతుంది. ముందు బియ్యాన్ని, ఉడికాక మొత్తం అన్నాన్ని తూచి, కంచంలోకి వచ్చిన వాటా కట్టుకోవడం మేలు.

మరమరాలది తిరకాసు వ్యవహారం: గ్రాముకు గ్రాము చూస్తే కేలరీల్లో బియ్యానికి తీసిపోవు, గిన్నెడు పోసుకున్నా తూగేది మాత్రం కాస్తే.