గిండీ నుండి చీఫ్ ఇంజనీరు పదవికి

ఇంజనీరింగు చదువు పురుషులకే తగినదని లోకము తలచుచున్న రోజులవి. 1940లో మదరాసు గిండీ కళాశాల ఒక తెలుగు యువతిని చేర్చుకొన్నది. ఆమె అయ్యలసోమయాజుల లలిత. పద్దెనిమిదవ ఏటనే భర్తను కోల్పోయి, పసిబిడ్డను పెంచుచున్న తల్లి. ఆమె వెనుకనే పి. కె. త్రేస్య, లీలమ్మ జార్జి అను మరి ఇద్దరు యువతులు చేరిరి. వారి పట్టాలపై 'అతడు' అని అచ్చయిన మాటను కొట్టివేసి 'ఆమె' అని వ్రాయవలసివచ్చినది!

లలిత విద్యుచ్ఛాఖను చేపట్టగా, త్రేస్య సివిల్ ఇంజనీరింగు నెన్నుకొన్నది. 1924లో త్రిశూరు ప్రాంతమున జన్మించిన ఈమె, 1944లో పట్టభద్రురాలై కొచ్చి సంస్థానపు మరామత్తు శాఖలో ప్రవేశించినది. ములంకున్నత్తుకావులో క్షయ చికిత్సాలయ నిర్మాణమున పనిచేసినది. 1956లో ఎర్నాకుళమున ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, 1966లో కోళిక్కోడున సూపరింటెండింగు ఇంజనీరు, 1971లో కేరళ రాష్ట్ర చీఫ్ ఇంజనీరు అయినది. భారతదేశమున ఆ పదవి నలంకరించిన తొలి మహిళ ఈమెయే. పట్టా నుండి ఆ పీఠమునకు ఇరువదియేడేండ్ల దారి!

ఏరులు, కాలువలు, ఉప్పుటేరులు అడుగడుగున అడ్డుపడు కేరళమున వంతెన లేనిదే బాట సాగదు. ఈమె హయాములో ఏటేట సుమారు 35 వంతెనల నిర్మాణము చేపట్టబడినది. తారులో రబ్బరు కలిపి రోడ్లు వేయు ప్రయోగమును గూడ ఈమె చేయించినది. రబ్బరు ఆ నేల పంటయే గదా! 1979లో పదవీ విరమణ చేసి, 1981లో కన్నుమూసినది.

లెక్కలలో చురుకైన బాలికను చూచి, "ఈ చదువు నీకెందుకమ్మా?" అనబోవు ఉపాధ్యాయుడు, దిద్దుబాటు జరిగిన ఆ పట్టాలను ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.