పెద్దబండి పోషణ

బండిని కొనుట యొక యెత్తు, దానిని పోషించుట యొక యెత్తు. ఈ మాటలోని నిజము మాకు గడచిన వానకాలమున చక్కగా బోధపడినది.

మేము చందానగరులో నివసించుచున్నాము. పాత ముంబయి బాట నానుకొనియున్న యీ పేటనుండి నిత్యము హైటెక్ సిటీ కొలువులకు బోవువా రనేకులు. వారి యిండ్ల ముంగిట నేడు లాండ్ రోవరువంటి పెద్దబండ్లు అచ్చటచ్చట గానవచ్చుచున్నవి. ఈ జాతి బండి భోగమునకై పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఇంగ్లండున ఉక్కు కఱవైయుండగా, రోవరు కంపెనీవారు అల్యూమినియపు రేకులతో సేద్యగాండ్ర కుపయోగపడునట్లు దీనిని నిర్మించి, 1948 ఏప్రిలులో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమున జూపిరి. 1970లో రేంజ్ రోవరు వెలువడిన తరువాత క్రమక్రమముగా నిది విలాసవస్తు వయ్యెను. 2008లో మన టాటావా రా సంస్థను కొనిరి.

ఒక సాయంకాలము కుండపోతగా వాన గురిసెను. లింగంపల్లి రైలువంతెన క్రింద నీరు నిలుచుట యిచ్చటివా రెఱిగినదే. "ఏళ్లనే దాటు బండి కదా, ఈ నీ రెంత?" యని మేము ముందునకు బోనిచ్చితిమి. నడుమ నింజను ఆగిపోయినది. వెనుకనుండి "అమ్మా, మళ్లీ స్టార్టు చేయండి" అని కేకలు. మేము తాళపుమీటను ముట్టలేదు. నీళ్లలో ఆగిన ఇంజనును తిరిగి త్రిప్పరాదని మా వీధి మెకానిక్కు పూర్వ మొకసారి చెప్పియుండెను.

కారణము సులభము. గాలిని నొక్కి కుదింపవచ్చును, నీటిని కుదింపరాదు. సిలిండరులో నీరు జేరినచో పిస్టను పైకి రాలేక, దానిని మోయు రాడ్డే వంగిపోవును.

మఱునాడు బండిని లారీమీద మరమ్మతుశాలకు జేర్చితిమి. విప్పి చూడకమున్నే వారు ఇంజనునే మార్చవలెనని పలికి, లక్షలలో లెక్క వ్రాసి యిచ్చిరి. అది మా పిల్లవాని చదువునకు దాచిన సొమ్మంత! "ముందు విప్పి చూపుడు, పిదప మాటలాడుదము" అంటిమి. వారు ఇంజెక్టర్లను తీసి, ఇంజనును చేతితో త్రిప్పగా కొద్దిపాటి నీరు చిమ్మెనే గాని రాడ్లు వంగలేదు. గాలివడపోతను, ఆయిలును మార్చి బండిని నడిపించిరి. ఆనా డింటికి వచ్చుచు మేము కన్నీరు తుడుచుకొంటిమి.

కావున సోదరీమణులు గమనింపదగిన విషయములు కొన్ని. నేటి డిఫెండరు గాలిసస్పెన్షనును పై కెత్తినపుడు 900 మిల్లీమీటర్ల నీటిని దాటునని తయారుచేసినవారు చెప్పుదురు. అదియు నెమ్మదిగా నడపిననే. ఎదురుగా వచ్చు బస్సు లేపు కెరట మా లెక్కను దప్పించును. తెల్లవారునప్పటికి బండి యొక మూల క్రుంగియున్నచో అచ్చటి రబ్బరు తిత్తి కారుచున్నదేమో చూపింపవలెను. ఉపేక్షించినచో గాలి నింపు కంప్రెసరు విరామము లేక తిరిగి పాడగును. డీజిలుబండిని పేటలోనే కొద్దిదూరములు త్రిప్పుచుండినచో పొగగొట్టములోని వడపోత మసితో పూడుకొనును. అప్పుడప్పుడు పెద్దబాటపై దూరము నడపవలెను. బ్రేకు ద్రవము గాలిలోని చెమ్మను పీల్చును. రెండేండ్ల కొకసారి మార్పించుట మేలు. నాలుగు టైర్లును ఒకే తీరున అరిగియుండవలెను. లేనిచో నాలుగు చక్రములను కలిపి నడపు యంత్రమునకు శ్రమ కలుగును. సాధారణపు భీమాలో నీటివలని ఇంజను నష్టము తఱచుగా జేరదు. ఇంజను రక్షణ షరతును అదనముగా వ్రాయించుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్య మొక నోటుపుస్తకము. పాలలెక్క వ్రాయు చేతికి బండిలెక్క బరువు కాదు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు, ఏ భాగము మార్చిరో వ్రాసి, తీసిన పాతభాగమును చూపుమని యడుగుడు. ఇది మగవారి వ్యవహారమని యూరకుండవలదు. ఖర్చు ఇంటిది, ఆ యింటిలో మనమును ఉన్నాము గదా!