రెండు కిలోల పోరు

బాక్సర్ నిఖత్ జరీన్ పారిస్ ఒలింపిక్స్ ఓటమిని పంచ్‌ల లెక్కతోనే తేల్చేయడం అన్యాయం. ఈ నిజామాబాద్ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది 52 కిలోల విభాగంలో. పారిస్‌లో ఆ విభాగమే లేదు, 50కి దిగక తప్పలేదు. దిగి 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్ కొట్టింది, అది ఆమె గొప్పతనం. కానీ కొవ్వు లేని ఒంట్లో చివరికి తగ్గించుకోగలిగేది నీటినే. 2024 ఆగస్టు 1న చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5తో ఓడాక, రెండు రోజులు తిండి మానేశానని, తూకం అయ్యాకే మంచినీళ్లు తాగానని ఆమె చెప్పింది. శతాబ్దం కిందటి ఫ్రెంచ్ బాక్సర్ జార్జ్ కార్పాంటియేది తలకిందుల కథ. చిన్న బరువులో మొదలై పైకెదిగి, 1920లో లైట్ హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ నెగ్గాడు. మరుసటి ఏడాది తనకన్నా సుమారు 7 కిలోలు ఎక్కువున్న జాక్ డెంప్సీతో తలపడి నాలుగో రౌండులోనే కూలిపోయాడు.

వూ యూ కూడా 52 నుంచి దిగి స్వర్ణం గెలిచింది కదా అనొచ్చు. నిజమే. అయితే టాప్ సీడ్ కావడంతో ఆమెకు నిఖత్‌తో పోరే తొలి బౌటు. సీడింగ్ దక్కని నిఖత్ అప్పటికే ఒకటి ఆడింది. బౌటున్న ప్రతి ఉదయం మళ్లీ తూకమే.