గ్యాసు ఉన్నా మంట ఎందుకు తగ్గుతుంది?

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో పెళ్లి వంట ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది కాదు. పెరటిలోనో, పందిరి పక్కనో, ఆరుబయట జరుగుతుంది. ఒకప్పుడు రాళ్ల పొయ్యిలో మొద్దులు మండించి గంజులకొద్దీ బగారా అన్నం వండేవారు. నేడు చాలాచోట్ల ఆ పొయ్యి స్థానంలో గ్యాసు భట్టీ వెలిసింది. దానితోపాటు ఒక కొత్త చిక్కు కూడా వచ్చింది.

చలికాలంలో వేకువజామున భట్టీ వెలిగిస్తారు. మొదట మంట ధాటిగానే ఉంటుంది. గంటో, గంటన్నరో గడిచేసరికి కుంగిపోతుంది. సిలిండరు ఒంటిమీద చెమట పట్టినట్లు నీటి బిందువులు నిలుస్తాయి; కొంతసేపటికి తెల్లని మంచు పేరుకొంటుంది. సిలిండరును కదిపి చూస్తే బరువుగానే ఉంటుంది. “గ్యాసు ఉన్నది కాని రావడం లేదు” అంటారు వంటవారు. ఈ మాట అక్షరాలా నిజం. కారణం తెలియక కొందరు సిలిండరును మంట దగ్గరకు జరుపుతారు, మరికొందరు దాని మీద మరిగే నీళ్లు పోస్తారు. ప్రాణాపాయం అక్కడే ఉన్నది. కనుక ఈ కారణాన్ని ప్రతి విద్యార్థి తెలిసికొనడం అవసరం.

సిలిండరులో ఉన్నదేమిటి?

వంటగ్యాసు ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు హైడ్రోకార్బనుల మిశ్రమం. ఇవి మామూలు పీడనం వద్ద వాయువులు. పీడనం పెంచితే ద్రవంగా మారుతాయి. కాబట్టి సిలిండరులో ఉన్నది చాలా భాగం ద్రవమే. ఆ ద్రవంపైన మిగిలిన కొద్ది జాగాలో దాని ఆవిరి ఉంటుంది. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది గనుక ఈ జాగా వదిలియే సిలిండరును నింపుతారు. మనం వాడుకొనేది ఆవిరిని మాత్రమే. అది బయటకు పోయినకొద్దీ లోపలి ద్రవం మరిగి మరల ఆవిరిని భర్తీ చేస్తుంది.

నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద మరుగుతుందని మనకు తెలిసినదే. సాధారణ వాతావరణ పీడనం వద్ద ప్రొపేన్ సున్నకు దిగువన 42 డిగ్రీల వద్దనే మరుగుతుంది. బ్యూటేన్ మరిగేది సుమారు సున్న డిగ్రీల వద్ద. ఈ తేడాను పీడనాలలో చూడవచ్చు. 20 డిగ్రీల వద్ద ప్రొపేన్ ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి 8 రెట్లకు పైగా ఉంటుంది. బ్యూటేనుది సుమారు 2 రెట్లు మాత్రమే. సున్న డిగ్రీలకు వచ్చేసరికి ప్రొపేన్ పీడనం ఇంకా నాలుగున్నర రెట్లకు పైగా ఉంటుంది. బ్యూటేను మాత్రం బయటి గాలితో సరిసమానమై, తనంతట తాను బయటకు రాలేని స్థితికి చేరుతుంది. పైగా మిశ్రమంలో నుండి ప్రొపేనే ముందుగా ఎక్కువగా ఆవిరవుతుంది. సిలిండరు అడుగుకు పోయేకొద్దీ బ్యూటేన్ పాలు పెరిగి, చలికి మరింత లొంగుతుంది.

ఆవిరికి వేడి ఎక్కడిది?

ఎండాకాలంలో రంజనులోని నీళ్లు ఎందుకు చల్లబడుతాయి? మట్టి రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీటి నుండి తీసికొంటుంది. ద్రవం ఆవిరిగా మారడానికి కావలసిన ఈ వేడినే గుప్తోష్ణం అంటాము. సిలిండరు కూడా ఒక విధమైన రంజనే. ఒక కిలోగ్రాము వంటగ్యాసు ఆవిరి కావడానికి ఇంచుమించు 90 కిలో కేలరీల వేడి కావాలి. ఆ వేడి మొదట లోపలి ద్రవం నుండి, ఉక్కు గోడ నుండి వస్తుంది; తరువాత చుట్టూ ఉన్న గాలి నుండి మెల్లగా చేరుతుంది. మంట సిలిండరుకు దూరంగా ఉంటుంది గనుక దాని వేడి సిలిండరుకు అందదు, అందకూడదు కూడా.

ఒక చిన్న లెక్క చూద్దాము. 19 కిలోల వాణిజ్య సిలిండరులో 15 కిలోల ద్రవం ఉన్నదనుకొందాము. ఖాళీ సిలిండరు బరువు 18 కిలోలు అనుకొందాము. ద్రవం విశిష్టోష్ణం సుమారు 0.6, ఉక్కుది 0.11. కనుక ఈ మొత్తం ఒక డిగ్రీ చల్లబడితే 11 కిలో కేలరీలు విడుదలవుతాయి. గాలి నుండి వేడి ఏమీ రాలేదనుకొంటే, ఒక కిలో గ్యాసు తీసినప్పుడు సిలిండరు 8 డిగ్రీలు చల్లబడుతుంది.

అదే సిలిండరులో 4 కిలోల ద్రవమే మిగిలితే? ఒక డిగ్రీకి విడుదలయ్యేది 4.4 కిలో కేలరీలు మాత్రమే. ఒక కిలో తీసేసరికి 20 డిగ్రీల పతనం! ఉదయపు ఉష్ణోగ్రత 10 డిగ్రీలైతే, సిలిండరు సున్నకు దిగువన 10 డిగ్రీలకు చేరుతుంది. గాలి కొంత వేడిని అందిస్తుంది గనుక వాస్తవంలో పతనం ఇంతకంటె తక్కువగా ఉంటుంది. అయినా సగం ఖాళీ అయిన సిలిండరు తొందరగా ఎందుకు నీరసిస్తుందో ఈ లెక్క స్పష్టం చేస్తున్నది.

ఆదిలాబాద్ చలి, రామగుండం ఎండ

తెలంగాణలో చలి ఎక్కువగా ఉండేది ఆదిలాబాద్ ప్రాంతంలో. అక్కడ పుష్యమాసపు వేకువజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పోవడం అరుదు కాదు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలయ్యే పుష్య అమావాస్య కూడా ఆ రోజులలోనే వస్తుంది. గాలికీ సిలిండరుకూ మధ్య ఉష్ణోగ్రతా భేదం ఎంత ఎక్కువగా ఉంటే సిలిండరుకు అంత వేగంగా వేడి అందుతుంది. గాలే చల్లగా ఉన్నప్పుడు అందేది స్వల్పం. ఎండాకాలంలో రామగుండంలో ఈ చిక్కు కనబడదు. అక్కడ చిక్కు వేరు: ఎండకు లోపలి పీడనం బాగా పెరుగుతుంది. కనుక సిలిండరును నీడలో, గాలి ఆడే చోట ఉంచవలె.

రెండు లెక్కలు

విందుకు ఎన్ని సిలిండర్లు కావాలని అడిగితే సాధారణంగా బరువు ఒక్కటే లెక్క వేస్తారు. నిజానికి వేయవలసిన లెక్కలు రెండు.

మొదటిది పరిమాణం. 100 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు తేవడానికి 8,500 కిలో కేలరీలు కావాలి. ఒక కిలో గ్యాసు మండితే సుమారు 11,000 కిలో కేలరీలు వస్తాయి. ఆరుబయట గాలికి చాలా వేడి వృథా అవుతుంది. గంజుకు అందేది నూటికి 40 పాళ్లు అనుకొంటే, కిలోకు 4,400. అంటే సుమారు 2 కిలోల గ్యాసు చాలు. మూత పెట్టకుండా మరిగిస్తే, ఆవిరై పోయే ప్రతి లీటరు నీటికి 540 కిలో కేలరీలు, అనగా సుమారు 120 గ్రాముల గ్యాసు వృథా. మూత, గాలికి అడ్డుగా ఒక రేకు – ఈ రెండే మంచి పొదుపు.

రెండవది వేగం. ఆ 2 కిలోలూ ఒక్క గంటలో కావలెనంటే, సిలిండరు ఆ గంటలో 180 కిలో కేలరీల గుప్తోష్ణాన్ని సమకూర్చుకోవాలి. చలిలో ఒక్క సిలిండరుకు అది మించిన భారం. అదే నాలుగు సిలిండర్లను ఒకే గొట్టానికి కలిపితే ఒక్కొక్కటి అరకిలో ఇస్తే చాలు. నిండుగా ఉన్నవి నాలుగు డిగ్రీలకు మించి చల్లబడవు. బరువు లెక్కన ఒక్క సిలిండరు చాలినా, వేగం లెక్కన నాలుగు అవసరం కావచ్చును. మిగిలిన గ్యాసు ఎక్కడికీ పోదు, తరువాత పనికివస్తుంది. ఇట్లా కలిపే పని మాత్రం ఏజెన్సీవారి శిక్షణ పొందిన మెకానిక్ చేతనే చేయించవలె.

ఈ చిక్కు మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో 1978 నాటి చట్టం ఇంటి అవసరానికి బీరు కాచుకొనడానికి దారి తెరచింది. పెరటిలో పెద్ద పాత్రలు మరిగించే అక్కడివారు శుద్ధమైన ప్రొపేన్ వాడుతూ కూడా, చిన్న సిలిండరు మంచు కట్టి మంట తగ్గడం చూస్తుంటారు. మన రాష్ట్రంలో ఇంట మద్యం కాయడం నేరం. కాని పాత్రలో ఉన్నది పప్పుచారైనా మరొకటైనా గుప్తోష్ణపు నియమం ఒక్కటే.

చేయదగినవి, చేయరానివి

సిలిండరును ఎన్నడూ మంటతోగాని, మరిగే నీటితోగాని వేడిచేయరాదు. పడుకోబెట్టరాదు, తలక్రిందులు చేయరాదు. ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వచ్చి మంట అదుపు తప్పుతుంది. మంట కుంగితే భట్టీ ఆర్పి, నిండు సిలిండరుకు మారడమే క్షేమం. చల్లబడిన సిలిండరు కొన్ని గంటలలో గాలి వేడికి తానే కోలుకొంటుంది.

వంటగ్యాసు గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. కారిన గ్యాసు పైకి పోక, పల్లానికి పారి గుంటలలో, మోరీలలో నిలుస్తుంది. కనుక ఆరుబయట కదా అని సిలిండరును గుంటలో పెట్టరాదు. కారుతున్నదీ లేనిదీ సబ్బు నీటితో చూడవలె, అగ్గిపుల్లతో కాదు. ప్రమాదంలో సహాయానికి దేశమంతటా 1906 నంబరు ఉన్నది. ఇంటి అవసరానికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరును హోటళ్లకు, వ్యాపార వంటలకు వాడడం నిబంధనలకు విరుద్ధం.

మిగిలిన గ్యాసు ఎంతో తెలియవలెనంటే సిలిండరును తూచి, దానిపై ముద్రించిన ఖాళీ బరువు తీసివేయవలె. తడిగుడ్డతో తుడిచి చూడడం మరొక ఉపాయం: ద్రవం ఉన్నంత మేర గోడ చల్లగా ఉండి తడి ఆలస్యంగా ఆరుతుంది, పై భాగం ముందుగా ఆరుతుంది.

తరగతిలో ఒక ప్రయోగం

రెండు ఉష్ణమాపకాల బల్బులకు దూది చుట్టండి. ఒకదానిని పొడిగా ఉంచి, రెండవదానిని స్పిరిటుతో తడిపి, ఫ్యాను గాలిలో ఉంచండి. దగ్గరలో నిప్పు ఉండరాదు. నిమిషానికొకసారి రెండింటి ఉష్ణోగ్రతలు వ్రాసి గ్రాఫు గీయండి. తడి దూది ఉన్నది మొదట వేగంగా, తరువాత మెల్లగా దిగి, ఒకచోట నిలుస్తుంది. ఆవిరి తీసికొనే వేడి, గాలి ఇచ్చే వేడి అక్కడ సమానమైనవి. చలిలో మంట ఏ స్థాయిలో నిలుస్తుందో నిర్ణయించేది ఈ సమతుల్యమే. సిలిండరులో ఎన్ని కిలోలు మిగిలినవన్నది ఒక్కటే కాదు.