ఓడిన కేసు... నిలిచిన మాట!

తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసం తెరిచినా, అడుగున చిన్న అక్షరాల్లో 'క్రియేటివ్ కామన్స్' అని కనిపిస్తుంది. అంటే ఆ వ్యాసాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చి రాసుకోవచ్చు, పుస్తకంగా అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. ఎక్కణ్నుంచి తీసుకున్నారో చెప్పాలి, మార్చినదాన్ని అవే షరతులతో అందరికీ వదిలేయాలి... అంతే! ఈ ఏర్పాటుకు ప్రాణం పోసినవారిలో ముఖ్యులు అమెరికాకు చెందిన న్యాయశాస్త్ర ప్రొఫెసర్ లారెన్స్ లెసిగ్.

1961లో సౌత్ డకోటా రాష్ట్రంలో పుట్టిన లెసిగ్ మొదట చదివింది ఆర్థికశాస్త్రం, మేనేజ్‌మెంట్. తర్వాత కేంబ్రిడ్జిలో తత్వశాస్త్రం, 1989లో యేల్ నుంచి లా పట్టా. షికాగో, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు.

నెట్‌ను ఏ చట్టమూ కట్టడి చేయలేదని చాలామంది నమ్మిన రోజుల్లో ఆయన కాదన్నారు. పాస్‌వర్డ్ కొట్టందే తలుపు తెరుచుకోదు. కాపీ కుదరదంటే పోలీసుతో పని లేకుండా ప్రోగ్రామే ఆపేస్తుంది. అంటే ప్రోగ్రామ్ రాసేవాళ్లే అక్కడ చట్టం రాస్తున్నట్టు! 1999లో వచ్చిన ఆయన పుస్తకం 'కోడ్ అండ్ అదర్ లాస్ ఆఫ్ సైబర్‌స్పేస్' సారం ఇదే.

సుప్రీంకోర్టు మెట్లెక్కి...

1998లో అమెరికా చట్టసభ కాపీరైట్ గడువును మరో 20 ఏళ్లు పెంచింది. గడువు తీరిన పుస్తకాల్ని ఉచితంగా నెట్‌లో పెట్టే ఎరిక్ ఎల్డ్రెడ్‌కి అది పెద్ద దెబ్బ. 1923 నాటి రాబర్ట్ ఫ్రాస్ట్ కవితలు చేతికి అందబోతూ జారిపోయాయి. ఎల్డ్రెడ్ తరఫున 2002 అక్టోబరులో లెసిగ్ సుప్రీంకోర్టులో స్వయంగా వాదించారు. 2003 జనవరిలో తీర్పు... 7-2తో ఓటమి!

ఆయన నెపం ఎవరిమీదికీ నెట్టలేదు. గడువు పెంపుతో జనానికి జరిగే నష్టాన్ని న్యాయమూర్తుల మనసుకు తాకేలా చెప్పాల్సింది పోయి, రాజ్యాంగ తర్కాన్నే నమ్ముకున్నానని తర్వాత రాసుకున్నారు.

కేసు నడుస్తుండగానే ఆయన మరో దారీ వేశారు. చట్టాన్ని మార్చలేకపోయినా, పంచుకోవాలనుకునే రచయితకు దారి చూపొచ్చు కదా! 2001లో కొందరితో కలిసి క్రియేటివ్ కామన్స్ స్థాపించారు. 2002 డిసెంబరులో తొలి లైసెన్సులు వచ్చాయి. హక్కు రచయితదే. అందులో ఎంత వదులుకునేదీ ముందే చెప్పేస్తారు. వాడుకునేవాళ్లు ప్రతిసారీ అనుమతి అడగక్కర్లేదు. 2009లో వికీపీడియా ఈ బాట పట్టింది.

2007లో లెసిగ్ దృష్టి రాజకీయాల్లో డబ్బు ప్రభావం వైపు మళ్లింది. 2009లో తిరిగి హార్వర్డ్ చేరారు. 2015లో అధ్యక్ష పదవికి బరిలో దిగి, రెండు నెలలకే తప్పుకున్నారు.

2019 జనవరి 1న ఆ ఫ్రాస్ట్ కవితలు అమెరికాలో అందరివీ అయ్యాయి. 20 ఏళ్లు ఆలస్యంగా! ఈలోగా ఏ తీర్పు కోసమూ ఆగకుండా తమ రాతల్ని తామే లోకానికి పంచినవాళ్లెందరో... అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు.