ఉన్నత పాఠశాలలో ఆంగ్లపాఠము

ఉన్నత పాఠశాలలో ఆంగ్లపాఠము వలన విద్యార్థి నేర్చుకొనునదేమి? ఉద్యోగమునకు పనికివచ్చు భాష యని తల్లిదండ్రులు సాధారణముగా సమాధానము చెప్పుదురు. ఆ మాట అసత్యము కాదు. 1835లో మెకాలే తన యభిప్రాయపత్రమును వ్రాసినది మొదలు, 1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడిన పిమ్మట మఱింతగా, ఆంగ్లము మనకు కచేరీలకును, న్యాయస్థానములకును, పై చదువులకును ద్వారమైనది. నేటికిని ఆ స్థితి పెక్కుచోట్ల మాఱలేదు. అయినను ఇన్ని సంవత్సరములపాటు బాలురకును బాలికలకును బోధింపబడు విషయమునకు ఉద్యోగమొక్కటియే ఫలమని తలచుట ఆ పాఠమును తక్కువగా అంచనా వేయుటయే యగును. ఆ తరగతిలో నిజముగా జరుగవలసిన పని యేదియో, అది జరుగనిచో కలుగు నష్టమెట్టిదో శ్రోతలకు మనవి చేయుట నా యుద్దేశము.

మొదట విద్యార్థి నేర్చుకొనునది వాక్యమునందు పదముల స్థానము. ‘రాముడు రావణుని చంపెను’ అనినను, ‘రావణుని రాముడు చంపెను’ అనినను తెలుగున అర్థము మాఱదు. చంపినవాడెవడో, చచ్చినవాడెవడో విభక్తి ప్రత్యయమే చెప్పుచున్నది. ఆంగ్లమున అట్లు కాదు. ‘రామా కిల్డ్ రావణా’ అను వాక్యములో రెండు పేర్లను తాఱుమాఱు చేసినచో కథయే తలక్రిందులై రావణుడు రాముని చంపినట్లగును. అచట స్థానమే విభక్తి. ఈ యొక్క యుదాహరణమును చక్కగా గ్రహించిన బాలుడు ఆంగ్లమునందలి కర్తృకర్మలను గుర్తించుటయే కాక, తాను మాటలు నేర్చినది మొదలు ఆలోచింపకయే వాడుచుండిన ‘ని’ అను చిన్న ప్రత్యయము ఎంత బరువును మోయుచున్నదో తొలిసారి తెలిసికొనును.

పిమ్మట వచ్చు చిక్కు ‘ఎ’, ‘ది’ అను చిన్న మాటలది. ఆర్టికిల్సు అను నీ మాటలకు సరియైన మాటలు తెలుగున లేవు. కావున మన విద్యార్థులు నియమములను వల్లించి పరీక్షలో ఖాళీలు పూరించుచుందురు. కాని వీని మర్మము మన యింటి కథలలోనే కలదు. అవ్వ మనుమనికి కథ చెప్పుచు ‘ఒక ఊళ్లో ఒక రాజున్నాడు, ఆ రాజుకొక కూతురు’ అనును. మొదట ‘ఒక రాజు’, తరువాత ‘ఆ రాజు’. వినువాడెఱుగని వ్యక్తిని ప్రవేశపెట్టునపుడు ఒక మాట, ఎఱిగిన వ్యక్తిని మరల చెప్పునపుడు మఱియొక మాట. ‘ఎ కింగ్’, ‘ది కింగ్’ అనునవి చాలవఱకు ఈ పనినే చేయుచున్నవి. భేదమేమనగా, మనము అక్కఱయైనపుడు మాత్రమే ఇట్లు చెప్పుదుము. ఆంగ్లమున తప్పక చెప్పవలయును. ఎదుటివాడు ఏమి యెఱుగునో తలచుకొని మాటలాడవలెనన్న పాఠము ఈ రెండక్షరములలో ఇమిడియున్నది.

కాలములను గూర్చియు ఇట్టిదే. ‘మామయ్య వచ్చాడు’ అని మనమందుము. ఆయన వచ్చి యింకను వసారాలో కూర్చుండియున్నను, నిన్న వచ్చి నిన్ననే వెడలిపోయినను మనకు క్రియ ఒకటే. ఆంగ్లమున మొదటిదానికి ‘హాజ్ కమ్’, రెండవదానికి ‘కేమ్’. జరిగిన పనికి ఇప్పటితో సంబంధము కలదా లేదా యని ఆ భాష విచారించుచున్నది. ‘నిన్న’ అను మాటను ప్రక్కన పెట్టుకొని ‘హాజ్ కమ్’ అని వ్రాయుట మన విద్యార్థులకు సామాన్యమైన దోషము. అది బుద్ధిమాంద్యము వలన వచ్చినది కాదు. తెలుగు క్రియ యలవాటు వలన వచ్చినది. ఈ సంగతి నెఱిగి దిద్దు నుపాధ్యాయుని యెఱ్ఱసిరా విద్యార్థిని భయపెట్టదు.

ఇక ఆంగ్లమునుండి తెలుగునకు మార్చునపుడు చిక్కు మఱియొక వైపునుండి వచ్చును. ‘వియ్’ అను సర్వనామమునకు ‘మేము’ అనవలెనా, ‘మనము’ అనవలెనా? వినుచున్నవాడు ఆ గుంపులో చేరినవాడా, కాదా యని తేల్చుకొనిన గాని కలము కదలదు. ‘యు’ అనుదానికి ‘నీవు’, ‘మీరు’ అను రెండింటిలో నేది తగునో, మాటలాడుకొను నిద్దఱి సంబంధమును బట్టి నిర్ణయింపవలెను. ‘అంకుల్’ అను మాట కనబడినచో అతడు పెదతండ్రియా, పినతండ్రియా, మేనమామయా, మేనత్త భర్తయా యని కథనంతయు వెదకవలసివచ్చును. ఒక్కొక్కచో కథలో ఆ సమాచారమే యుండదు. ఒక భాష చెప్పితీరవలెనను దానిని మఱియొక భాష చెప్పకయే గడపగలదని గ్రహించుట చిన్న విద్య కాదు. ఆ గ్రహణము కలిగిన విద్యార్థి తన భాషను తక్కువగా చూడడు, పరభాషను దైవముగా కొలువడు.

పై తరగతులలో రెండభ్యాసములు ముఖ్యములు. ఒకటి ప్రెసీ యను సంక్షేప రచన. రెండవది, మునుపు చూడని గద్యభాగమును చదివి ప్రశ్నలకు సమాధానములు వ్రాయుట. మూడు వందల మాటల భాగమును నూఱు మాటలకు కుదించునపుడు విద్యార్థి ప్రధానమునుండి అప్రధానమును, వాదమునుండి యుదాహరణమును వేఱుచేయ నేర్చును. న్యాయస్థానపు తీర్పును గాని, బ్యాంకు పత్రమును గాని, మందుసీసాపై నచ్చువేసిన హెచ్చరికను గాని చదివి సారము గ్రహించుటకు ఈ శక్తియే కావలయును. ఆంగ్లమున సంపాదించినను, తెలుగు చదువునప్పుడును అది తోడుండును.

సాహిత్యభాగమును గూర్చి కొంచెము. పరభాషా గ్రంథము మనకేమి యీయగలదో కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ చూపుచున్నది. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ అను నవలనుండి ప్రేరణ పొంది, పంతులుగారు కథను గోదావరీతీరమున ధవళేశ్వరమునకు తెచ్చి, మన యాచారములను, మూఢవిశ్వాసములను అందు చిత్రించిరి. 1880లో పుస్తకరూపమున వెలువడిన ఆ రచన ఆంగ్లమునకు నకలు కాదు. చదివినదానిని జీర్ణించుకొనినవాని రచన.

దీనికి విరుద్ధమైన చిత్రమును గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కము’న చూపిరి. 1897లో అచ్చయిన యా నాటకమున గిరీశము, వెంకటేశము ఇంటివారి యెదుట ఇంగ్లీషున మాటలాడవలసి వచ్చినపుడు, పసిపిల్లల పాటయొక్క ముక్కను, వాచకములోని వాక్యమును, ఒకదానికొకటి సంబంధము లేకయే అప్పగింతురు. విన్న తల్లికి అది సంభాషణగానే తోచును. మనము నవ్వుదుము. కాని గైడులోని సారాంశమును అర్థము తెలియకయే కంఠస్థము చేసి పరీక్షకాగితముపై దింపివచ్చు విద్యార్థికిని వెంకటేశమునకును భేదమెంత? మార్కులు వచ్చును, భాష రాదు.

ఈ లోపము నేడు మఱింత ప్రమాదకరము. తెలుగు మాధ్యమమున చదువు విద్యార్థికి ఆంగ్లము రాకపోయినను చరిత్రయు, గణితమును, ప్రకృతిశాస్త్రమును మాతృభాషలో లభించును. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలలలో సైతము ఆంగ్లమాధ్యమపు తరగతులు కలవు. అందు చదువు బాలికకు ఆంగ్లవాక్యమును విప్పుకొనుట రానిచో ఆ యొక్క పాఠమే కాదు, మిగిలిన పాఠములును మూతపడును. ఇంటిలో ఆంగ్లమెఱిగినవారు లేని పిల్లలకు బడిలోని యా గంట తప్ప వేఱు దిక్కు లేదు. ఆ గంటను గైడునకు అప్పగించుట వారిపట్ల అన్యాయము.

తమ బిడ్డకు ఆంగ్లము వచ్చినదో లేదో తెలిసికొనగోరు తల్లిదండ్రులు ఆంగ్లమెఱుగకపోయినను సరియే. పాఠ్యపుస్తకమును ప్రక్కన పెట్టి, వాడు మునుపు చూడని పుట నొకదానిని ఇచ్చి, చదివి తెలుగున చెప్పుమనుడు. నిలిచి నిలిచి చెప్పినను, నడుమ ఆగి ‘ఇక్కడ మేము అనాలా, మనము అనాలా’ అని సందేహించినను కోపపడకుడు. వాడు ఆ పుటను నిజముగా చదువుచున్నాడని తెలిసికొనుడు. వారమున కొకసారి ఇట్టి పుట యొకటి చదివించినచో గైడు కొనవలసిన యక్కఱ తనంతట తానే తగ్గిపోవును.