సూదిమందు వేసుకునేవారు నొప్పి బిళ్ల మింగేముందు

వంటింట్లో పోపులపెట్టె ఎంత తప్పనిసరో, ఈ రోజుల్లో అలమరలో నొప్పి బిళ్లల డబ్బా కూడా అంత తప్పనిసరి అయిపోయింది. తలనొప్పికొకటి, నడుంనొప్పికొకటి, నెలనొప్పికొకటి. "ఏముందిలే, బిళ్లే కదా" అని మింగేస్తాం. అయితే మనలో షుగరుకో, బరువు తగ్గడానికో సూదిమందు వేసుకునేవాళ్లు పెరుగుతున్నారు. అటువంటివారు బిళ్ల మింగేముందు ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకో ఈవేళ చెప్పుకుందాం.

ఇన్సులిన్ సంగతి మనకు పాతదే. వారానికొకసారి పొట్ట మీదో, తొడ మీదో వేసుకునే సూదులు ఈమధ్య ఎక్కువగా వినబడుతున్నాయి. టిర్జెపటైడ్ మన దేశంలో 2025 మార్చిలోనూ, బరువు తగ్గడానికిచ్చే సెమాగ్లుటైడ్ సూది అదే ఏడు జూన్‌లోనూ అమ్మకానికి వచ్చాయి. ఇవి ఆకలిని తగ్గిస్తాయి. తిన్నది కడుపులోంచి కిందికి నెమ్మదిగా దిగేటట్టు చేస్తాయి. మొదటి వారాల్లోనూ, మోతాదు పెంచినప్పుడల్లానూ కొందరికి వికారం, వాంతులు, విరేచనాలు అవుతాయి. తిండితోబాటు మంచినీళ్లు తాగడం కూడా తగ్గిపోతుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

నంద్యాలలో ఉండే ఒక ఇల్లాలిని ఊహించుకోండి. మే నెల. నంద్యాల ఎండ సంగతి వేరే చెప్పాలా! ఆళ్లగడ్డలో చెల్లెలి కూతురి పెళ్లి. రెండు రోజుల కిందటే ఆవిడ సూది మోతాదు పెరిగింది. పొద్దున ఉగ్గాని సయించక రెండు ముద్దలు తిని పక్కన పెట్టింది. దారిలో ఇబ్బందని బస్సెక్కేముందు నీళ్లు తాగలేదు. ఈ అలవాటు మన ఆడవాళ్లందరికీ ఉన్నదే, కాదంటారా? పెళ్లింట్లో రోజంతా నిలువుకాళ్ల మీద పని. సాయంత్రానికి మోకాళ్లు ఒకటే పోటు. "ఇది వేసుకో వదినా, ఇట్టే తగ్గిపోతుంది" అని ఒకావిడ పర్సులోంచి బిళ్ల తీసిచ్చింది. అరగంటైనా నొప్పి తగ్గలేదని ఇంకొకటి వేసుకుంది. బి.పి. మాత్ర ఎటూ ఉండనే ఉంది. మర్నాటికి కళ్లు తిరగడం, వాంతులు, మూత్రం సరిగా రాకపోవడం!

తప్పెక్కడ జరిగింది? డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, నెలనొప్పికి వాడే మెఫెనమిక్ ఆసిడ్ — ఇవన్నీ ఒక కుటుంబం. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారు కాకుండా అడ్డుపడి ఇవి నొప్పిని తగ్గిస్తాయి. ఈ గుట్టును జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో బయటపెట్టాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే ఆ పదార్థాలకు ఇంకో పని ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు పోయే రక్తనాళాలు ముడుచుకుపోకుండా చూసేవి అవే. వేసవిలో కుళాయి సన్నబడినప్పుడు ఆ వచ్చే కాస్త నీటినీ కట్టేస్తే ఇల్లెలా గడుస్తుంది? ఇదీ అంతే. టెల్మిసార్టన్ వంటి బి.పి. మాత్రలూ, నీరు తీసే మాత్రలూ కూడా తోడైతే మూత్రపిండాలకు మరీ కష్టం. షుగరువల్ల అవి ముందే నీరసించి ఉండవచ్చు కూడా.

కాబట్టి ఒకమాట గుర్తుంచుకోండి. సూదికీ బిళ్లకీ నేరుగా పెద్ద వైరం లేదు. నీరు ఇంకిపోయిన ఒంట్లోనే వాటికి సరిపడదు. ఇక రెండో తప్పు తొందర. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది గనుక బిళ్ల కూడా ఆలస్యంగా పనిచేయవచ్చు. తగ్గలేదని వెంటనే రెండోది వేసుకోకూడదు.

మరి నొప్పి వస్తే ఏం చేయాలి? ముందు కాసిని మంచినీళ్లో, పలచని మజ్జిగో గుక్కెడు గుక్కెడుగా తాగండి. మామూలు నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ మేలు. 500 మిల్లీగ్రాములదో, 650దో ఒకటి; మళ్లీ కావాలంటే ఆరు గంటలు ఆగి. 24 గంటల్లో నాలుగు దాటనివ్వకండి. కాలేయం జబ్బున్నవారూ, తిండి బాగా తగ్గిపోయినవారూ డాక్టరునడిగే వేసుకోవాలి. జలుబు బిళ్లల్లోనూ, చాలా జోడు నొప్పి మాత్రల్లోనూ పారాసెటమాల్ కలిసే ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాలు చదివి దాన్నీ లెక్కలో వేసుకోండి. మోకాలి నొప్పికి పైపూత మందు రాస్తే బిళ్లంత మందు ఒంట్లోకి పోదు. వేడినీళ్ల కాపడం మంచిదే. కాని షుగరువల్ల పాదాలు మొద్దుబారినవారికి కాలినా తెలియదు, జాగ్రత్త!

గుండెకోసం డాక్టరు రాసిన చిన్న ఆస్పిరిన్‌ను ఇది చదివి మానేయకండి. ఇన్సులిన్ వేసుకునేవారు మాత్రం నొప్పికని పెద్ద మోతాదు ఆస్పిరిన్ సొంతంగా వాడకూడదు. షుగరు మరీ దిగిపోవచ్చు. వాంతులై తిండి లేని రోజున ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో డాక్టరును అడగండి. మానేయడమూ తప్పే, ఎప్పటిలాగే వేసేసుకోవడమూ తప్పే.

కొన్ని నొప్పులు బిళ్లతో అణచకూడనివి. కడుపులో విపరీతమైన నొప్పి పుట్టి వీపులోకి పాకుతూ, వాంతులవుతుంటే అది క్లోమగ్రంథి వాపు కావచ్చు. అరుదే, కాని ప్రమాదం. నల్లని విరేచనమైనా, మూత్రం బాగా తగ్గినా, ఏది తాగినా వాంతి అయిపోతున్నా ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. వారం సూది మందు మర్నాటికే ఒంట్లోంచి పోదు గనుక, ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి. పన్ను పీకించుకునేటప్పుడైనా సరే.

ఈవేళ ఒక పని చేయండి. ఆ బిళ్లల డబ్బా దించి, పేరు తెలియనివీ, గడువు దాటినవీ తీసేయండి. ఒక కాగితం మీద మీ సూది పేరు, వేసుకునే వారం, బి.పి. మాత్ర పేరు, చివరిసారి క్రియాటినిన్ పరీక్షలో వచ్చిన అంకె రాసి పర్సులో పెట్టుకోండి. పెళ్లికి పోయేటప్పుడు నగలతోబాటు ఆ కాగితాన్నీ, ఒక నీళ్ల సీసానీ మరచిపోకండి. ఎవరైనా ప్రేమగా బిళ్ల చేతిలో పెడితే, "ఇందులో ఏ మందుంది వదినా?" అని అడగండి. ఆవిడ ఏమీ అనుకోదు. అనుకున్నా ఫరవాలేదు!